సూరత్ నగర ఉత్సవాలు – వెండితెర తారలు

ఒక నగరం ఎవరిని గౌరవిస్తున్నదో, ఎవరి పేరును తన వీధికి, బడికి, భవనానికి పెట్టుకుంటున్నదో పరిశీలిస్తే ఆ నగరం తన్ను తాను ఏ విధంగా భావించుకుంటున్నదో తెలుస్తుంది. రాజులు ఏలిన నగరాలలో ఈ గౌరవం కోట గుమ్మాల మీద, దేవాలయ శాసనాల మీద కనిపిస్తుంది. వర్తకుల నగరాలలో మాత్రం అది సభల్లో, ఊరేగింపుల్లో, సన్మాన పత్రాలలో, శిలాఫలకాలలో వ్యక్తమవుతుంది. గుజరాత్‌లోని సూరత్ నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. మొగలాయీల కాలంలో పశ్చిమ సముద్రానికి ముఖద్వారంగా వెలిగి, తరువాత జరీకి, పట్టుకు, వజ్రాల సానకు, కృత్రిమ నూలు వస్త్రాలకు కేంద్రంగా నిలిచిన ఈ నగరంలో బహిరంగ ఉత్సవాలకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో చిట్టచివరి అధ్యాయం చలనచిత్ర తారలది. ఈ అధ్యాయంలో తెలుగువారికి సంబంధించిన పుటలు కూడా లేకపోలేదు.

రేవు పట్టణంలో మర్యాదల తగవు

సూరత్‌లో బహిరంగ మర్యాద అనేది మొదటి నుంచీ అధికారంతో ముడిపడిన విషయం. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు జేమ్స్ పంపిన రాయబారి సర్ థామస్ రో సూరత్ సమీపంలోని స్వాలీ రేవులో దిగాడు. స్వాగతం చెప్పవచ్చిన మొగల్ ఉద్యోగులు తివాచీల మీద కూర్చొని ఉండగా, వారు లేచి నిలబడితే తప్ప ముందుకు రానని అతడు పట్టుబట్టాడు. తన పరివారాన్ని సుంకపు అధికారులు సోదా చేయరాదని కూడా వాదించాడు. అప్పటికి ఏడేళ్ల క్రితమే, 1608లో, విలియం హాకిన్స్ ఇదే రేవులో దిగి ఉన్నాడు. అయితే వర్తకుడుగా వచ్చినవానికీ రాజప్రతినిధిగా వచ్చినవానికీ మర్యాదలో తేడా ఉండాలన్నది రో పట్టుదల. ఎవరు లేవాలి, ఎవరు కూర్చోవాలి అన్న ఆ చిన్న తగవులో రాబోయే కాలపు రాజకీయమంతా ఇమిడి ఉందని చెప్పవచ్చు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఓడరేవు ప్రాభవం బొంబాయికి తరలిపోయింది. 1852లో సూరత్‌లో పురపాలక సంఘం ఏర్పడింది. నగరంలోని పెద్ద వర్తకులు, పార్సీ ప్రముఖులు, బోరా వ్యాపారులు, నాగర బ్రాహ్మణ విద్యావంతులు ఈ కొత్త సంస్థ ద్వారా ప్రభుత్వంతో సంభాషించే పద్ధతి నేర్చుకున్నారు. గవర్నరు వచ్చినప్పుడు తోరణాలు కట్టడం, మానపత్రం చదివి సమర్పించడం, కొత్త కట్టడాలకు అధికారుల పేర్లు పెట్టడం ఆ పద్ధతిలో భాగాలు. తపతీ నది మీద 1877లో నిర్మించిన వంతెనకు థియొడోర్ హోప్ అనే ఆంగ్లాధికారి పేరు వచ్చింది. 1890లో నెలకొల్పిన వస్తు ప్రదర్శనశాలకు వించెస్టర్ అనే కలెక్టరు పేరు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం ఆ ప్రదర్శనశాలే సర్దార్ వల్లభభాయి పటేల్ పేరును ధరించింది. అమెరికన్ చరిత్రకారుడు డగ్లస్ హేన్స్ 1991లో ప్రచురించిన గ్రంథంలో సూరత్ పౌర జీవితంలోని ఈ సభా మర్యాదలను, ఉపన్యాస శైలిని విపులంగా పరిశీలించాడు. పాలకుల భాషలో మాట్లాడుతూనే పాలితులు తమ కోర్కెలను నెరవేర్చుకొనే నేర్పు ఈ ఉత్సవాలలో ఉన్నదన్నది ఆ పరిశీలన నుంచి గ్రహించదగిన అంశం.

జాతీయోద్యమం ఈ వేదికను తలకిందులు చేసింది. 1907 డిసెంబరులో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ మితవాదుల, అతివాదుల ఘర్షణతో భగ్నమైంది. వేదిక మీదకు చెప్పు విసరబడిన ఆ సభ భారత రాజకీయ చరిత్రలో ‘సూరత్ చీలిక’గా నిలిచిపోయింది. 1930 ఏప్రిల్ 1న దండి యాత్రలో భాగంగా గాంధీజీ సూరత్‌లో విడిది చేశారు. 1938 ఫిబ్రవరిలో సూరత్ జిల్లాలోని హరిపుర గ్రామంలో తపతీ తీరాన కాంగ్రెస్ 51వ మహాసభ జరిగినప్పుడు అధ్యక్షుడైన సుభాష్ చంద్రబోసును 51 ఎడ్లు పూన్చిన రథం మీద ఊరేగించారు. నందలాల్ బోస్ చిత్రించిన పటాలు ఆ సభానగరిని అలంకరించాయి. పల్లె వృత్తుల వారిని, సామాన్య స్త్రీలను, వాద్యగాండ్రను చిత్రించిన ఆ పటాలు నేడు భారతీయ చిత్రకళా చరిత్రలో ‘హరిపుర చిత్రాలు’గా ప్రసిద్ధి పొందాయి. గవర్నరు కోసం కట్టిన తోరణాల స్థానంలో ప్రజానాయకుని కోసం కట్టిన తోరణాలు వచ్చాయి. తోరణం మాత్రం మారలేదు. దాని కింద నడిచే వ్యక్తి మారాడు.

సూరత్ బిడ్డలు – వెండితెర

హరిపుర సభ జరిగిన ఏడాదిలోనే, 1938 జూలై 9న, సూరత్‌లో హరిహర్ జెఠాలాల్ జరీవాలా జన్మించాడు. లోకం అతనిని సంజీవ్ కుమార్‌గా ఎరుగును. జరీవాలా అన్న ఇంటిపేరే సూరత్ వృత్తి చరిత్రను చెబుతుంది. సన్నని లోహపు తీగను సాగదీసి, చదును చేసి, పట్టు లేదా నూలు దారం మీద చుట్టి, పైన బంగారు పూత పూసి జరీ తయారు చేయడం ఈ నగరంలో తరతరాల విద్య. సూరత్ జరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. గద్వాల, ధర్మవరం చీరల అంచుల్లో మెరిసే జరీలో సూరత్ నుంచి వచ్చినది చాలా ఉంటుంది. తెలుగు పెళ్లింట పట్టుచీర మడత విప్పినప్పుడల్లా సూరత్ పనివాని చేతిపని ఒకసారి వెలుగు చూస్తుందన్నమాట.

అయితే సూరత్ భారతీయ చిత్రరంగానికి ఇచ్చిన తొలి ప్రసిద్ధ వ్యక్తి సంజీవ్ కుమార్ కాదు. అతనికి ఒక తరం ముందే 1911లో జుబేదా సూరత్‌లో జన్మించింది. ఆమె తల్లి ఫాత్మా బేగం భారతదేశంలో తొలి మహిళా దర్శకురాలు. ఆమె 1926లో ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించింది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో విడుదలైన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయిక జుబేదా. ఆ చిత్రాన్ని నిర్మించిన అర్దేషిర్ ఇరానీయే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు కూడా నిర్మాత. తెలుగు బిడ్డ ఎల్.వి. ప్రసాద్ ఈ రెండు చిత్రాలలోనూ చిన్న వేషాలు ధరించాడు. జుబేదా తరువాతి కాలంలో హైదరాబాదుకు చెందిన ధన్‌రాజ్‌గిర్ వంశంలో కోడలై, జ్ఞానబాగ్ ప్రాసాదంతో ముడిపడిన కుటుంబంలో సభ్యురాలైంది. సూరత్‌లో పుట్టిన తొలి టాకీ నాయిక జీవితంలోకి హైదరాబాదు ఆ విధంగా ప్రవేశించింది.

జుబేదా తరంలో నటి అనగానే పౌర సభలో గౌరవాసనం దొరకడం అరుదు. తెర మీద చూసేందుకు జనం బారులు తీరేవారు కాని, అదే వ్యక్తిని పురప్రముఖుల సరసన కూర్చోబెట్టేందుకు సమాజం సందేహించేది. కుటుంబ స్త్రీలు నటనకు రావడం తప్పుగా భావించిన కాలమది. చలనచిత్ర నటుడు ముఖ్య అతిథి స్థానానికి ఎదగడం స్వాతంత్ర్యానంతర పరిణామం. ఆ మార్పు వల్ల లాభం పొందినవారు ముందుగా పురుష తారలే అన్న సంగతిని కూడా చరిత్రకారుడు విస్మరించరాదు.

వృద్ధ పాత్రల యువకుడు

సంజీవ్ కుమార్ బాల్యంలోనే కుటుంబంతో బొంబాయి చేరాడు. అక్కడ ప్రజానాట్యమండలి రంగస్థలం అతనికి పాఠశాల అయింది. ఇరవై ఏళ్లు దాటీ దాటని వయస్సులోనే వృద్ధ పాత్రలు ధరించి మెప్పించాడు. ఎ.కె. హంగల్ దర్శకత్వంలోని ‘డమరు’ నాటకంలో అరవై ఏళ్ల తండ్రి పాత్ర పోషించాడు. 1960లో ‘హమ్ హిందుస్తానీ’లో చిన్న పాత్రతో చిత్రరంగ ప్రవేశం చేసి, 1965లో ‘నిషాన్’తో కథానాయకుడయ్యాడు. ‘దస్తక్’ (1970), ‘కోషిష్’ (1972) చిత్రాలకు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం పొందాడు. ‘షోలే’ (1975)లో చేతులు పోగొట్టుకున్న ఠాకూర్‌గా, ‘షత్‌రంజ్ కే ఖిలాడీ’ (1977)లో సత్యజిత్ రాయ్ నిర్దేశకత్వంలో చదరంగ వ్యసనపరుడైన జాగీర్దారుగా ప్రేక్షకుల మనస్సులలో నిలిచిపోయాడు.

అతని ప్రస్థానంలో తెలుగువారి పాత్ర గణనీయమైనది. ‘ఆలం ఆరా’లో జుబేదా చిత్రంలో చిన్న వేషం కట్టిన ఎల్.వి. ప్రసాదే నలభై ఏళ్ల తరువాత 1970లో ‘ఖిలోనా’ను నిర్మించి సంజీవ్ కుమార్‌కు మతిస్థిమితం కోల్పోయిన యువకుని పాత్ర ఇచ్చాడు. అది అంతకుముందు తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు నటించగా ‘పునర్జన్మ’ (1963)గా వచ్చిన కథ. ‘ఖిలోనా’ ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. 1974లో ‘నయా దిన్ నయీ రాత్’లో సంజీవ్ కుమార్ తొమ్మిది పాత్రలు ధరించాడు. తమిళంలో శివాజీ గణేశన్, తెలుగులో అక్కినేని ‘నవరాత్రి’ (1966)లో ధరించిన పాత్రలకు అది హిందీ రూపం. దాసరి నారాయణరావు ‘స్వర్గం నరకం’ హిందీలో ‘స్వర్గ్ నరక్’ (1978)గా బి. నాగిరెడ్డి నిర్మాణంలో వచ్చినప్పుడు కూడా సంజీవ్ కుమార్ అందులో ప్రధాన నటులలో ఒకడు. సూరత్‌లో పుట్టి, బొంబాయిలో పెరిగి, మద్రాసు నిర్మాతల కథలలో రాణించిన ఈ నటుని జీవితం భారతీయ చిత్రరంగపు పరస్పర ఆధారతకు నిదర్శనం.

1985 నవంబరు 6న సంజీవ్ కుమార్ హృద్రోగంతో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 47 ఏళ్లు. తెర మీద ఎన్నోసార్లు వృద్ధుడైన మనిషి నిజ జీవితంలో యాభై ఏళ్లు కూడా చూడలేదు.

మూడు నామకరణాలు

అతని మరణానంతరం సూరత్‌లో అతని పేర మూడు ముఖ్యమైన నామకరణాలు జరిగాయి. వాటి స్వభావాన్ని పోల్చి చూడడం ప్రయోజనకరం.

మొదటిది వీధి. సుముల్ డెయిరీ రోడ్డులోని ఒక మార్గానికి సంజీవ్ కుమార్ పేరు పెట్టేందుకు రాణా సమాజానికి చెందిన సూర్యపుర్ మండల్ అనే సాంఘిక సంస్థ చొరవ తీసుకుంది. సూర్యపురం అన్నది సూరత్‌కు ప్రాచీన నామం. మేయరు కదిర్ పీర్‌జాదా, నటుడు ఎ.కె. హంగల్ ప్రారంభోత్సవం చేశారు. ఇక్కడ ముఖ్య అతిథి ఎంపిక ఎంతో ఉచితమైనది. హంగల్ కేవలం సహనటుడు కాదు. ఆ యువకునికి తొలి రోజులలో వృద్ధ పాత్ర ఇచ్చి నడిపించిన రంగస్థల దర్శకుడు. శిష్యుని పేరున్న ఫలకం మీది తెరను గురువు తొలగించిన సన్నివేశమది. నిజానికి అది జరగవలసిన క్రమానికి విపర్యయం.

రెండవది బడి. గోపీపురాలోని ఒక పాఠశాలకు సూరత్ నగర పాలక సంస్థ సంజీవ్ కుమార్ పేరు పెట్టింది. సునీల్ దత్ దానిని ప్రారంభించాడు. 1984లో లోక్‌సభకు ఎన్నికై, 1987లో బొంబాయి నుంచి అమృత్‌సర్ వరకు శాంతి పాదయాత్ర చేసిన సునీల్ దత్ అప్పటికే తారకూ ప్రజా ప్రతినిధికీ మధ్య గల గీతను చెరిపిన వ్యక్తులలో ఒకడు. కులసంఘం చొరవతో మొదలైన స్మృతి నగర పాలక సంస్థ స్వంతం కావడం ఈ రెండవ ఘట్టంలోని విశేషం.

మూడవది కళాభవనం. నగర పాలక సంస్థ 108 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన సంజీవ్ కుమార్ ఆడిటోరియాన్ని 2014 ఫిబ్రవరి 14న నాటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. వీధికి రంగస్థల గురువు, బడికి తార అయిన పార్లమెంటు సభ్యుడు, భవనానికి ముఖ్యమంత్రి – ముఖ్య అతిథుల ఈ క్రమం గమనార్హం. నటుని స్మృతి పెద్దదైన కొద్దీ ఉత్సవం కళాకారుల చేతినుంచి ప్రభుత్వం చేతికి మారింది. ఇందులో ఆక్షేపణీయమైనది ఏమీ లేదు. అన్ని కోట్ల ప్రజాధనంతో కట్టిన భవనాన్ని ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వమే ప్రారంభించడం సహజం. కాని ఎవరి పేర ఉత్సవమో వారిని ఎరిగినవారు వేదిక మీద ఉండడం వల్ల ఆ ఉత్సవానికి వచ్చే నిండుదనం వేరు.

వీటికి తోడు 2013 మే 3న భారతీయ చలనచిత్ర శతాబ్ది సందర్భంగా తపాలా శాఖ యాభై మంది చిత్రరంగ ప్రముఖుల పేర బిళ్లలు విడుదల చేసింది. వారిలో సంజీవ్ కుమార్ ఒకడు. ఆ వరుసలోనే తెలుగువారైన ఎస్.వి. రంగారావు, భానుమతి, అల్లు రామలింగయ్య కూడా ఉన్నారు.

అతిథి తార, ఆతిథేయ తార

ఆంధ్ర దేశ చరిత్రతో పోల్చినప్పుడు సూరత్ ప్రత్యేకత మరింత స్పష్టమవుతుంది. తెలుగునాట తారలు బహిరంగ జీవితంలోకి ప్రవేశించినది సన్మాన సభల ద్వారా మాత్రమే కాదు, విరాళాల జోలె పట్టి కూడా. 1952లో రాయలసీమ క్షామ సమయంలో ఎన్.టి. రామారావు నిధి సేకరణకు ఊరూరా తిరిగాడు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రామారావు, నాగేశ్వరరావు మొదలైనవారు వీధులలో విరాళాలు సేకరించారు. ఆ పరిచయం రామారావు విషయంలో 1983 జనవరి 9న ముఖ్యమంత్రి పదవి వరకు సాగింది. అప్పటి నుంచి అతడు ఉత్సవానికి అతిథి కాదు, ఆతిథేయుడు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు మహనీయుల విగ్రహాలను ప్రతిష్ఠింపజేసినది ఆయన ప్రభుత్వమే. ఆ వరుసలో రంగస్థల నటుడు బళ్లారి రాఘవకు చోటు దక్కింది.

సూరత్‌లో తార ఎప్పుడూ అతిథిగానే ఉన్నాడు. వర్తక నగరం తారను ఆహ్వానిస్తుంది, సత్కరిస్తుంది, పేరు పెట్టుకుంటుంది. నగర నిర్వహణను మాత్రం వర్తక సంఘాల, పాలక సంస్థ చేతుల్లోనే ఉంచుకుంటుంది. పైగా సూరత్‌కు సాహిత్య స్మృతి కూడా బలమైనది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడైన నర్మద్ (1833–1886) ఇక్కడివాడు. దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 2004లో అతని పేరు ధరించింది. నాటకకర్త చంద్రవదన్ మెహతా 1901లో ఈ నగరంలోనే జన్మించాడు. కవి పేర విశ్వవిద్యాలయం, నటుని పేర కళాభవనం, జాతీయ నాయకుని పేర ప్రదర్శనశాల – ఈ పంపకంలో ఒక విధమైన సమతూకం లేకపోలేదు.

వలస వచ్చినవారి ఉత్సవం

1961లో మూడు లక్షలకు లోపు జనాభా ఉన్న సూరత్ 2011 నాటికి 44 లక్షలు దాటింది. మరమగ్గాల కోసం, వజ్రాల సాన కోసం, కూలి కోసం వచ్చినవారు ఈ పెరుగుదలకు ప్రధాన కారణం. 1994లో ప్లేగు భయంతో లక్షలాది మంది నగరం విడిచి వెళ్లినప్పుడు మరమగ్గాలు మూగబోయాయి. వలస కార్మికుడు లేనిదే సూరత్ లేదన్న సత్యం అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కాలంలో నగర పాలక సంస్థ పారిశుద్ధ్యంలో దేశానికే ఆదర్శంగా నిలిచి తన ఆత్మవిశ్వాసాన్ని తిరిగి పొందింది.

ఈ వలస ప్రవాహంలో తెలంగాణ మెట్ట జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు ఉన్నారు. చేతిమగ్గం సాగక షోలాపురం, భివండి, బొంబాయి, సూరత్ చేరిన నేతగాళ్ల సంతతి వారు. లింబాయత్ మొదలైన ప్రాంతాలలో వారి నివాసాలు విస్తరించాయి. శ్రావణ పౌర్ణమి నాడు తమ కులగురువు మార్కండేయ మహర్షిని ఊరేగించడం వారి ఆచారం. నగర పాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడపడం ఈ ప్రజలకు లభించిన గుర్తింపులలో మిక్కిలి విలువైనది. దానికి తోరణాలు లేవు, తారలు లేరు. అయినా పరభూమిలో తన బిడ్డ అక్షరాలు తన భాషలో దిద్దగలగడం నేతగానికి ఏ సన్మాన పత్రానికీ తీసిపోని గౌరవం.

ఉత్సవానంతరం

నామకరణ ప్రక్రియలో ఉద్యోగులకు పరిచితమైన క్రమం ఒకటి ఉంటుంది. ప్రతిపాదన, సంఘపు సిఫారసు, సర్వసభ్య సమావేశపు ఆమోదం, ఆహ్వాన పత్రం, జ్యోతి ప్రజ్వలన, ఫలకావిష్కరణ, వందన సమర్పణ. ఉత్సవం ముగిసిన మరునాటి నుంచి పూలదండలు వాడిపోతాయి. ఫలకం మీది అక్షరాలు మాత్రం మిగులుతాయి. ఒక తరం గడిచిన తరువాత ఆ అక్షరాలు ఎవరివో చెప్పేవారు కరవవుతారు. వించెస్టర్ ఎవరో నేటి సూరత్ యువకునికి తెలియదు. నేడు పెట్టే పేర్లకు కూడా ఇదే గతి పట్టకూడదంటే, నామకరణానికి కారణమైన ప్రతిపాదనను, దాని వెనుక ఉన్న ప్రజాభిప్రాయాన్ని, నాటి ఉపన్యాసాలను, ఛాయాచిత్రాలను ఆ సంస్థలోనే భద్రపరచడం అవసరం. గోపీపురా బడిలో చదివే విద్యార్థికి ఆ పేరు గల మనిషి ఇదే నగరపు బిడ్డ అనీ, జరీ పనివారి ఇంటిపేరు ధరించినవాడనీ, మాట రాని వాని పాత్రతో దేశాన్ని మెప్పించినవాడనీ తెలిసినప్పుడే ఆ నామకరణం సార్థకమవుతుంది.

జరీకి విలువ పైపూత వల్ల మాత్రమే కలుగదు. లోపలి దారం బిగువుగా ఉంటేనే పూత నిలుస్తుంది. పౌర ఉత్సవానికి తార పైమెరుపు. దాని లోపలి దారం బడి, గ్రంథాలయం, రంగస్థలం, వాటిని వినియోగించుకొనే ప్రజలు. నాలుగు శతాబ్దాలుగా అతిథులను ఆదరించిన సూరత్ నగరం రాయబారి నుంచి తార వరకు ఎందరికో స్వాగత తోరణాలు కట్టింది. ఆ తోరణాలకు నూలు వడికి, మగ్గం నేసి, రంగు అద్దిన చేతులకు కూడా అదే నగరం చోటిచ్చింది. ఈ రెండు మర్యాదలలో రెండవదే చిరకాలం నిలిచేది.